నీళ్ళొచ్చాకే ఇల్లు

మూతపడిన ఐసు ఫ్యాక్టరీ స్థలంలో ఇళ్ళు కట్టాలని మునిసిపాలిటీ తీర్మానించిన నాటినుంచి కోడలికి ఆఫీసులో పని పెరిగింది, ఇంట్లో మాట తగ్గింది.

ఆమె మునిసిపల్ ఆఫీసులో టౌన్ ప్లానింగ్ సెక్షన్ ఆఫీసరు. మునిసిపాలిటీ ఊళ్ళో ఏది కట్టదలచినా ముందు చుట్టుపక్కల జనాన్ని పిలిచి, వాళ్ళేమంటారో విని, విన్నది విన్నట్టు రాసి కౌన్సిల్ ముందు పెట్టాలి. కట్టడం మొదలయ్యాక పోయి చూసి, ఏ ఇల్లు పునాదిలో ఉంది, దేనికి కప్పు పడింది, ఏది పూర్తయింది అన్నది ఎప్పటికప్పుడు పైకి తెలియజెయ్యాలి. ఏళ్ళ తరబడి ఆమె చేస్తున్న పని ఇదే. జనం చేత తిట్లు తినడానికి జీతమిచ్చే ఉద్యోగం లోకంలో ఇదొక్కటేనని భర్త వేళాకోళం చేసేవాడు. ఆమె నవ్వి ఊరుకునేది. ఈసారి నవ్వు రాలేదు. ఐసు ఫ్యాక్టరీ ఉన్నది వాళ్ళ వీధి చివరే. ఆ ఇళ్ళు వద్దని వీధిని కూడగడుతున్నది సాక్షాత్తూ అత్తగారు.

అత్తగారు టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి. ట్రంకాల్స్ రోజుల్లో, గాలివానకు లైన్లో గరగర తప్ప మరేమీ వినపడనప్పుడు కూడా అవతలి ఊరికి మాట చేరవేసిన గొంతు ఆవిడది. ఉద్యోగం వదిలినా గొంతు ఆవిడను వదల్లేదు. ఆవిడ వంటింట్లో ఉప్పు అయిపోయిందంటే వీధి మొదట్లో కొట్టతను పొట్లం కడతాడని చెప్పుకునేవాళ్ళు. వెనకాల అందరూ ఆవిడను ట్రంకాల్ అనేవాళ్ళు. ఆ సంగతి ఆవిడకు తెలుసు. లోలోపల కాస్త గర్వం కూడా.

మేడ మీద ఆవిడ గది కిటికీ ఫ్యాక్టరీ వైపుకు ఉంటుంది. పొద్దుటి ఎండ ఆ కిటికీలోంచి తిన్నగా వచ్చి ఆవిడ కుర్చీలో పడుతుంది. మామగారు బతికున్నన్నాళ్ళూ ఆ ఫ్యాక్టరీలోనే మెకానిక్కు. ఆయన డ్యూటీ దిగి గేటు దాటడం ఆ కిటికీలోంచే కనిపించేది. అది చూసి ఆవిడ కిందికి దిగి పొయ్యి వెలిగించేది. మామగారు పోయారు, ఫ్యాక్టరీ మూతపడింది, గేటు తుప్పు పట్టింది. కుర్చీ మాత్రం అక్కడే ఉంది, ఆవిడా అందులోనే కూర్చుంటుంది. ఈ మాట ఆవిడ ఎవరితోనూ అనలేదు. ఎవరూ చెప్పకుండానే కోడలికి తెలుసు.

తీర్మానం రాగానే కోడలు కమిషనరు దగ్గరికి వెళ్ళి, తన ఇల్లు ఆ వీధిలోనే ఉందనీ, ఈ పని ఇంకొకరికి అప్పగిస్తే బాగుంటుందనీ చెప్పింది. కమిషనరు నెమ్మదస్తుడు, రిటైర్మెంటు దగ్గరపడి అలిసిపోయి ఉన్నాడు. సెక్షన్లో ఉన్న రెండో మనిషి ప్రసూతి సెలవులో ఉందనీ, తేల్చేది ఎలాగూ కౌన్సిలే గనక ఆమె విని రాస్తే చాలుననీ, ఇల్లు అక్కడే ఉందన్న ముక్క మాత్రం మొదటి పేజీలోనే పెట్టమనీ అన్నాడు. ఆమె అలాగే పెట్టింది.

ఆ ఆదివారం వాళ్ళింటి ముందుగదిలో వీధివాళ్ళు చేరారు. ఎదురింటి దర్జీ, అతని భార్య, ఫొటో స్టూడియో ఆయన, పక్కింటి నర్సు, ఇంకా కొందరు. ఇళ్ళు రాకుండా ఎలా ఆపాలన్నది చర్చ. కోడలు టీ పట్టుకుని గదిలోకి వచ్చేసరికి అందరూ కూడబలుక్కున్నట్టు ఎండల గురించి మాట్లాడటం మొదలుపెట్టారు. ఆమె వెనుదిరగ్గానే మళ్ళీ వీధిలో పొంగే మురుగుకాలువ మాటకొచ్చారు. ఖాళీ కప్పుల కోసం వచ్చినప్పుడు దర్జీ మొహమాటపడుతూ, కోపం ఆమె మీద కాదనీ ఆమె ఆఫీసు మీదేననీ సంజాయిషీ చెప్పుకున్నాడు.

"ఆఫీసంటే ఇదే కదయ్యా," అంది అత్తగారు. "గడప లోపల కోడలు, గడప దాటితే సర్కారు. టీ తాగు, చల్లారిపోతోంది."

భర్త సంగతి అడకత్తెరలో పోకచెక్కే. ఆ పూటంతా అతను పెరట్లో స్కూటరు తుడుస్తూ గడిపాడు. తుడిచిన చోటే మళ్ళీ తుడిచాడు. ఆ స్కూటరు కొన్ననాడు కూడా అంత మెరవలేదు.

ప్రజాభిప్రాయ సభ స్కూలు హాల్లో పెట్టారు, పనిదినం మధ్యాహ్నం పూట. హాలు నిండింది. కోడలు గోడకు ప్లాను తగిలించి, రోడ్డు వైపు అమ్మకానికి ఒక వరస ఇళ్ళు, వెనక వైపు తక్కువ అద్దెకు ఇంకో వరస ఇళ్ళు వస్తాయని వివరించింది. తర్వాత ఒక్కొక్కరే లేచారు. ఇప్పటికే వానొస్తే కాలువ పొంగుతోందన్నారు. వీధిలో రెండు బళ్ళు ఎదురుపడితే ఒకటి వెనక్కి పోవాల్సి వస్తోందన్నారు. ఎవరెవరో వస్తారు, ఎలాంటివాళ్ళో ఏమో అని ఒకాయన అంటే కొందరు తలలూపారు, కొందరు తలలు దించుకున్నారు. అత్తగారు చివర్న లేచింది. మైకు ఇవ్వబోతే అక్కర్లేదంది. మేడలు లేస్తే ఎండ పోతుంది, గాలి పోతుంది, ముసలివాళ్ళం ఏమైపోవాలి అని గట్టిగా అడిగింది. హాలు చప్పట్లతో మోగింది. కుర్చీ మాట రాలేదు, గేటు మాట రాలేదు. నోటితో చెప్పని మాట రాసే అధికారం కోడలికి లేదు. ఎండ అని రాసుకుంది, గాలి అని రాసుకుంది.

ఆ సాయంత్రం ఆఫీసులో కూర్చుని రాసుకున్నవన్నీ సాపు చేస్తుండగా ఆమెకొకటి తట్టింది. వచ్చినవాళ్ళంతా సొంతిళ్ళున్నవాళ్ళు. ఆ స్థలం చుట్టూ నాలుగు వీధులవాళ్ళు. నోటీసులు అంటించింది ఆ వీధుల్లోనే కదా. వెనక వరస ఇళ్ళు ఎవరి కోసమో వాళ్ళలో ఒక్కరూ రాలేదు. రావడానికి వాళ్ళకు తెలిస్తేగా. తెలిసినా పని మానుకుని ఎలా వస్తారు? పెళ్ళివాళ్ళందరినీ పిలిచి పెళ్ళికూతుర్ని మరిచిపోయినట్టుంది తను చేసిన పని.

మర్నాడు కమిషనరుతో ఇంకో సభ పెట్టాలంది. ఊళ్ళో అద్దె గదులు ఎక్కువున్నది బజారు వెనక సందులో. సభ అక్కడే, వాళ్ళకు తీరికున్న రోజునే పెట్టాలంది. కొరివితో తల గోక్కోవడమెందుకని కమిషనరు కాసేపు నసిగాడు. చివరికి, "నీకు తోస్తే పెట్టమ్మా. చట్టంలో ఒక్కసారే వినాలని ఎక్కడా లేదు," అని ఒప్పుకున్నాడు.

ఈ సంగతి అత్తగారికి తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు.

"ఒక ఆటలో ఓడిపోయానని ఇంకో ఆట పెట్టావా?" అంది, కోడలు అన్నం వడ్డిస్తుంటే.

"మీరు చెప్పింది ఒక్క అక్షరం తీసెయ్యలేదు అత్తయ్యా. వాళ్ళు చెప్పేదీ వింటానంతే."

"అయితే నేనూ వస్తా. వాళ్ళు చెప్పేదేమిటో నేనూ వింటా."

అలా సభ పెట్టిన ఆదివారం ఇద్దరూ ఒకే బస్సెక్కి వేర్వేరు సీట్లలో కూర్చుని బజారుకు వెళ్ళారు. టిక్కెట్టు మాత్రం కోడలే తీసింది.

బజారు సందులో ఆ భవనం కింద బట్టల గోడౌను, పైన మూడంతస్తుల గదులు, ఆపైన రేకుల కప్పు. ఒక్కో గదిని చెక్కలతోనో తెరతోనో రెండుగా చేసి రెండు కుటుంబాలకు అద్దెకిచ్చారు. మధ్యలో బావిలాంటి ఖాళీ జాగా. కోడలు అక్కడ అరువు తెచ్చిన బెంచీలు వేయించింది. ఇస్త్రీ చేసేవాళ్ళు, బస్సు కండక్టరు, ఆస్పత్రి ఆయాలు, గోడౌను హమాలీలు వచ్చి కూర్చున్నారు. మొదట ఎవరూ నోరు విప్పలేదు. తమను ఎవరైనా అభిప్రాయం అడుగుతారన్నది వాళ్ళకు కొత్త. అడిగాక ఇల్లు రాకుండా చేస్తారేమోనన్న అనుమానమూ ఉంది. అత్తగారు గోడకు ఆనుకుని, చేతులు కట్టుకుని, ఎవరైనా ఒక్క తప్పు మాట అంటే పట్టుకుందామన్నట్టు నిలబడింది.

అప్పుడు పైనుంచి ఒక గొంతు వినపడింది.

"హలో. వినపడుతోందా అండీ? పైనుంచి మాట్లాడుతున్నాను. కిందికి రాలేను, మోకాళ్ళు సహకరించవు. వినపడుతోందా?"

అందరూ తలలెత్తారు. మూడో అంతస్తు వరండాలో ఆరేసిన బట్టల వెనక ఎవరో ముసలామె ఉంది. మొహం కనపడటం లేదు. వినపడుతోంది, చెప్పండని కోడలు అంది.

"నేను మా అబ్బాయి దగ్గర ఉంటున్నానమ్మా. వాడు మంచివాడే, కోడలూ మంచిదే. గదిలో తెరకు ఇటు నేను, అటు వాళ్ళు. పోయిన వానాకాలంలో ఈ మెట్లెక్కాను, మళ్ళీ దిగలేదు. డాక్టరు కూడా పైకే వచ్చి చూసిపోతాడు. నాకు పెద్ద ఇల్లొద్దు. నేలమీద గుమ్మం ఉంటే చాలు, తలుపు తీస్తే వీధి కనపడాలి. ఆ చుట్టుపక్కలవాళ్ళు వద్దంటున్నారట. వాళ్ళని నేనేమీ అనను, ఎవరి బాధ వాళ్ళది. నన్ను మాత్రం ఇవాళే అడిగారు, అందుకని చెబుతున్నా. అంతే. ఉంటాను."

ఆ "ఉంటాను" అనే ముక్క దగ్గర అత్తగారు కట్టుకున్న చేతులు విప్పింది. గోడ వదిలి ఖాళీ జాగా మధ్యకు వచ్చింది. కోడలు ఆవిడ తగువుకు వస్తోందనుకుని లేవబోయింది.

"రేవూ," అంది అత్తగారు పైకి చూస్తూ. "రేవు ఎక్స్ఛేంజా?"

పైన బట్టలు కదిలాయి.

"ఎవరది?" అంది గొంతు. మళ్ళీ తనే, "జంక్షనా?" అంది.

కోడలికి ఆ తర్వాత తెలిసిన సంగతి ఇది. రేవు పట్నంలో ఉన్న ఎక్స్ఛేంజి నుంచి ఆమె, ఈ ఊరి ఎక్స్ఛేంజి నుంచి ఈవిడ, సర్వీసంతా ఒకరికొకరు లైన్లు కలుపుకున్నారు. ఎక్స్ఛేంజిల్లో మనుషులకు పేర్లుండేవి కావు, ఊరే పేరు. ఆమె రేవు, ఇది రైల్వే జంక్షనున్న ఊరు గనక ఈవిడ జంక్షన్. లైను ఖాళీగా ఉన్నప్పుడు పిల్లల జ్వరాలూ, అత్తల సాధింపులూ చెప్పుకున్నారు. మామగారు పోయిన వారం ఈవిడ డ్యూటీకి రాకపోతే, ఏమైందని ప్రతి షిఫ్టులోనూ అడిగింది ఆమె ఒక్కతే. ఇన్నేళ్ళలో ఒకరినొకరు చూసుకున్నది లేదు. ఆ తర్వాత యంత్రాలొచ్చాయి, బోర్డులు తీసేశారు, రేవు ఏమైందో ఈవిడకు తెలియలేదు. తీరా చూస్తే నాలుగు బస్సు స్టాపుల దూరంలో మూడో అంతస్తులో ఉంది.

అత్తగారు మెట్లెక్కింది. ఒక్కో మలుపు దగ్గరా ఆగి ఊపిరి పీల్చుకుంటూ ఎక్కింది. కింద సభ నడుస్తూనే ఉంది, ఇప్పుడు జనం ఒకరి తర్వాత ఒకరు మాట్లాడుతున్నారు. కోడలు రాసుకుంటూనే ఉంది గానీ ఆమె చెవి పైనే ఉంది. పైన మాటలేమీ వినపడలేదు. ఊరంతా వినపడేలా మాట్లాడే మనిషి అక్కడ ఏం మాట్లాడిందో ఎవరికీ తెలియలేదు.

తిరుగు బస్సులో అత్తగారు కోడలి పక్కన కూర్చుంది. ఇల్లొచ్చేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుని, దిగబోయే ముందు, "ఎండ సంగతి నేను వెనక్కి తీసుకోను. అది రాసింది రాసినట్టే ఉంచు. దాని కింద ఇంకొకటి రాయి. మెట్లెక్కలేనివాళ్ళకు కింది ఇళ్ళు ఇవ్వాలని," అంది.

కోడలు రాసింది. కౌన్సిల్లో చాలాసేపు చర్చ జరిగింది. కాలువ ముందు బాగుచెయ్యాలనీ, వెనక వరసలో నేలమీది ఇళ్ళు నడవలేనివాళ్ళకే ఇవ్వాలనీ షరతులు పెట్టి ప్లాను ఆమోదించారు. వీధిలో కొందరు అత్తగారితో మాట్లాడటం మానేశారు. దర్జీ మాత్రం, పోనీలెండి, కాలువైనా బాగుపడుతుందన్నాడు.

ఫ్యాక్టరీ కూలగొట్టిన రోజు కోడలు సగం పూట సెలవు పెట్టింది. ఎందుకని ఎవరితోనూ చెప్పలేదు. మేడమీదికి వెళ్ళి అత్తగారి కుర్చీ పక్కన నేలమీద కూర్చుంది. మధ్యాహ్నానికి గేటు లాగేశారు. గుంజలు మట్టిలోంచి ఊడివస్తుంటే పెద్ద చప్పుడైంది. అత్తగారు చూస్తూనే ఉంది. కాసేపటికి ఆవిడ చెయ్యి వచ్చి కోడలి తలమీద పడింది, అలాగే ఉండిపోయింది.

ఇళ్ళు లేచాయి. అనుకున్నట్టే కాంట్రాక్టరు రోడ్డు వైపు అమ్మకపు ఇళ్ళు చకచకా కట్టాడు. వెనక వరస కాకి పిల్ల కాకికి కూడా ముద్దు కానట్టు పునాదుల్లోనే పడి ఉంది. కోడలు వెళ్ళిన ప్రతిసారీ ఉన్నది ఉన్నట్టు రాసింది. నోటీసులు వెళ్ళాయి, జవాబులు వచ్చాయి, మళ్ళీ నోటీసులు వెళ్ళాయి. మొత్తానికి వెనక వరసకూ కప్పులు పడ్డాయి. రోడ్డు వైపు కట్టిన మేడ అత్తగారి కిటికీకి అడ్డంగా లేచింది, ఎండ పోయింది. అత్తగారు కుర్చీ పెరటి వసారాలోకి మార్పించుకుంది. మధ్యమధ్య బజారుకు వెళ్ళి మూడంతస్తులూ ఎక్కి రేవును చూసి వచ్చేది. వచ్చిన ప్రతిసారీ రేవు ఇంకాస్త చిక్కిపోయిందని చెప్పేది.

ఆర్థిక సంవత్సరం ముగింపుకొచ్చింది. పూర్తయిన ఇళ్ళ లెక్క పైకి పంపాలి. వెనక వరసకు గోడలున్నాయి, రంగులున్నాయి, తలుపులున్నాయి, కుళాయిలు కూడా బిగించారు. నీళ్ళ పైపు మాత్రం రోడ్డు దాటి రాలేదు. రోడ్డు తవ్వాల్సింది వాటర్ వర్క్స్ వాళ్ళు. వాళ్ళు వచ్చే నెల అంటున్నారు, ఎప్పుడడిగినా వచ్చే నెలే.

కమిషనరు ఆమెను గదికి పిలిచి కూర్చోమన్నాడు. ఆయన కోప్పడలేదు, అందుకే ఆమెకు మరీ కష్టమైంది.

"పూర్తయినట్టు రాసెయ్యమ్మా. వాళ్ళు లోపలికి వెళ్తే నీళ్ళవే వస్తాయి. మనం చూపించకపోతే వచ్చే ఏడాది చెరకు మిల్లు దగ్గర కట్టాల్సిన ఇళ్ళకు అనుమతి ఆగిపోతుంది. అక్కడ పాకల్లో ఉన్నవాళ్ళూ మనుషులే కదా."

"సార్, నేను కుళాయి తిప్పి చూశాను. ఏమీ రాలేదు. పూర్తయిందని రాస్తే రేపటినుంచి ఆ పైపు వెయ్యాల్సిన అవసరం ఎవరికీ ఉండదు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. రేపు పొద్దున చెప్పమన్నాడు.

ఇంటికి వస్తే అత్తగారు గుమ్మంలోనే నిలబడి ఉంది. ఆవిడకు అప్పటికే తెలిసిపోయింది. ఎవరు చెప్పారో ఏమో, పాత ఆపరేటర్లకు అన్నీ తెలుస్తాయి.

"పూర్తయినట్టు రాసిచ్చెయ్," అంది. "ఈ ఎండాకాలం కూడా రేవు ఆ రేకుల కింద బతకాలా? ఉంటుందో లేదో కూడా తెలియదు. నీళ్ళంటావా, మనింట్లోంచి నేను మోసి పోస్తా."

"మీరు ఒక్కరికి మోస్తారు అత్తయ్యా. అక్కడ చాలా ఇళ్ళున్నాయి."

"ఆ మిగతా ఇళ్ళ సంగతి నాకెందుకు?"

"నాకు కావాలి కదా."

"ఇళ్ళు వద్దన్నప్పుడు కావాలన్నావు. కావాలన్నప్పుడు వద్దంటున్నావు. నీతో వేగడం ఆ దేవుడి వల్ల కూడా కాదు," అని అత్తగారు లోపలికి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి కోడలికి కంటిమీద కునుకు లేదు. తను పట్టిన పట్టు న్యాయమేనా, లేక పదం పట్టుకు వేలాడటమా అని తనను తానే అడుగుతూ పడుకుంది. మెట్లు దిగలేని మనిషికి కప్పు ముఖ్యమా, కుళాయి ముఖ్యమా? భర్తను అడిగితే, "నాకు తెలీదు. నువ్వు తిప్పి చూశావు కదా, నేను చూడలేదు," అన్నాడు. ఎప్పుడూ తప్పించుకునే మనిషి అన్న ఆ మాట ఈసారి ఆమెకు తప్పించుకోవడంలా అనిపించలేదు. పొద్దున వెళ్ళి రాసింది: కప్పు పడింది, నీళ్ళు లేవు, నివాసయోగ్యం కాదు. కమిషనరు చదివాడు, పెదవి కొరుక్కున్నాడు, ఒక్క అక్షరం మార్చకుండా సంతకం పెట్టాడు. కౌన్సిల్లో ఆయన్ని నిలబెట్టి కడిగేశారు. మా ఆఫీసరు చూసి రాసింది, నేను మార్చను అని మాత్రం అన్నాడట.

ఇంట్లో ట్రంకాల్ మూగబోయింది. అత్తగారు కోడలితో మాట్లాడటం మానేసింది. ఏదైనా చెప్పాలంటే కొడుకే లైను. పక్కనే కోడలు కూర్చుని ఉన్నా, కూరలో ఉప్పెక్కువైందని మీ ఆవిడకు చెప్పు అనేది. అతను తిరిగి, ఉప్పెక్కువైందట అనేవాడు. విన్నానని చెప్పండి అనేది కోడలు. అతను అటు తిరిగేవాడు. వీధి వీధంతా ఆ ఇంట్లో నిశ్శబ్దానికి ఆశ్చర్యపోయింది. నర్సు వచ్చి అత్తగారికి గొంతు నొప్పా అని అడిగి వెళ్ళింది.

అలా కొన్ని వారాలు గడిచాక ఒక మధ్యాహ్నం కోడలు వెనక వరసలో పై అంతస్తు చూస్తుండగా కింద అలికిడైంది. కిటికీలోంచి చూస్తే అత్తగారు. వాచ్‌మన్‌తో తలుపు తీయించుకుని లోపలికి వెళ్ళింది. ఇన్నాళ్ళూ ఆవిడ ఆ ఇళ్ళను దూరం నుంచి చూసిందే గానీ గడప తొక్కలేదు. కింద కుళాయి కిర్రుమంది. మళ్ళీ కిర్రుమంది. బాత్రూం తలుపు తెరిచిన చప్పుడు, అక్కడా కుళాయి తిప్పిన చప్పుడు. చివరికి ఆవిడ బయటికి వచ్చి మెట్టు లేని ఆ గుమ్మంలో కూర్చుని, మోకాళ్ళు రాసుకుంటూ, పక్క గుమ్మాల వంక వరసగా చూసింది. కోడలు కిందికి దిగలేదు. ఆవిడ వెళ్ళిపోయేదాకా అక్కడే ఆగింది.

మర్నాడు వాటర్ వర్క్స్ ఇంజనీరు ఆఫీసుకు ఫోను చేశాడు. మీ అత్తగారట, పదిమందిని వెంటేసుకొచ్చి నా గదిలో కూర్చున్నారు, లేవమంటే లేవడం లేదని వాపోయాడు. వచ్చినవాళ్ళెవరో ఫోనులో గొంతులను బట్టే కోడలికి తెలిసిపోయింది. దర్జీ భార్య ఉంది, నర్సు ఉంది, ఫొటో స్టూడియో ఆయన ఉన్నాడు. స్కూలు హాల్లో ఇళ్ళొద్దని చప్పట్లు కొట్టినవాళ్ళే సగం మంది. అందర్నీ మించి అత్తగారి గొంతు వినపడుతోంది, ఫోను చెవికి ఆనించాల్సిన పనే లేదు.

"నా సర్వీసంతా లైన్లు కలిపాను బాబూ. లైను లేకపోతే లేదని చెప్పేదాన్ని. కలిపానని చెప్పి ఎవరి చేతా మూగ ఫోను పట్టించలేదు. మా కోడలు లేదని రాసింది, ఉన్న మాటే రాసింది. నువ్వు ఎప్పుడు కలుపుతావో చెప్పు. చెప్పేదాకా కూర్చుంటాం, మాకు వేరే పనేం లేదు."

కోడలు రిసీవరు పెట్టేసింది. తర్వాత కళ్ళు తుడుచుకుని పనిలో పడింది.

ఇంజనీరు తారీకు చెప్పాడు. ఆ తారీకు తప్పాడు. వాళ్ళు మళ్ళీ వెళ్ళి కూర్చున్నారు. పూర్తి కాలేదన్న రిపోర్టు పైవాళ్ళ దగ్గరుంది గనక కాంట్రాక్టరుకూ బిల్లు ఆగి ఊపిరాడలేదు, అతనూ వెళ్ళి ఇంజనీరునే పట్టుకున్నాడు. ఎండాకాలం ముగియకముందే రోడ్డు తవ్వారు, పైపు వేశారు. కమిషనరు అప్పటికే రిటైరయ్యాడు. చెరకు మిల్లు దగ్గరి ఇళ్ళకు ఆ ఏడు అనుమతి రాలేదు. అక్కడి పాకల్లో ఉండే ఒకాయన బజార్లో ఆమెను గుర్తుపట్టి మా ఇళ్ళెప్పుడమ్మా అని అడిగాడు. వచ్చే ఏడాది మళ్ళీ అనుమతి అడుగుతామంది ఆమె. ఆయన సరేనని తలూపాడు. ఆ తలూపు ఆమెకు చాలా రోజులు గుర్తుండిపోయింది.

రేవును మూడో అంతస్తు నుంచి గోడౌను హమాలీలు కుర్చీలో కూర్చోబెట్టి దించారు. దించుతున్నంతసేపూ ఆమె కళ్ళు మూసుకునే ఉంది. నేల తగిలాక తెరిచింది. ఆటోలో అత్తగారు పక్కన కూర్చుని దారి పొడుగునా ఏ కొట్టు ఎక్కడుందో చెబుతూ వచ్చింది. ఇంటి దగ్గర కొత్త తలుపు బిగుసుకుపోయి ఎంతకీ రాలేదు. వడ్రంగిని పిలిచి అంచు చిత్రిక పట్టించేదాకా రేవు గుమ్మం ముందే కుర్చీలో కూర్చుంది. అటూ ఇటూ పోయేవాళ్ళను ఒక్కొక్కరినీ చూసింది. తలుపు వచ్చినా లోపలికి వెళ్ళడానికి తొందరపడలేదు.

"కాసేపుండనీ జంక్షనూ," అంది. "వీధి చూసి ఎన్నాళ్ళైందో."

సామాన్లు సర్దడం అయ్యాక కోడలు లోపలికి వచ్చి ఇల్లెలా ఉందని అడిగింది. ఇల్లిచ్చాక ఆ ప్రశ్న అడగడమూ ఆమె పనిలో భాగమే. అంతా బాగుందంది రేవు. మొహమాటపడొద్దంటే, వంటింటి అరలు కాస్త ఎత్తులో ఉన్నాయంది. చెయ్యెత్తి చూపించింది, వేళ్ళు అందలేదు. కోడలు రాసుకుంది. బాత్రూంలో గోడకు పట్టుకోవడానికి ఒక కమ్మీ ఉంటే బాగుండేదని కూడా అంది. అదీ రాసుకుంది. మిగతా ఇళ్ళవాళ్ళూ అప్పుడే సామాన్లు దించుకుంటున్నారు. వాళ్ళనూ అడగాలని కోడలు బయటికి నడిచింది.

వెనకాలే చెప్పుల చప్పుడైంది. అత్తగారు ఆమెను దాటుకుని ముందుకు వెళ్ళి పక్కింటి తలుపు తట్టింది. లోపల ఇస్త్రీ చేసే అతని భార్య మంచం కోళ్ళు బిగిస్తూ తలెత్తింది.

"మా కోడలు," అంది అత్తగారు. "మునిసిపాలిటీలో ఆఫీసరు. ఇంట్లో ఏం తక్కువైందో సిగ్గుపడకుండా చెప్పు తల్లీ. తను రాసుకుంటుంది."